బొమ్మకు ప్రాణం పోసే బడి



ఇంటరు ఫలితాలు వెలువడిన వారంలో మా ఇంట ఒక చిన్న సభ జరిగింది. అధ్యక్షుణ్ణి నేనే. వయస్సులో పెద్దవాణ్ణి కావడం ఒక కారణం. పదవీవిరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ము బ్యాంకులో నా పేరిట డిపాజిట్టుగా ఉండడం రెండవ కారణం. ఈ రెండవదే అసలు కారణమని సభ్యులందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. వాది మా మనుమడు, కుమార్తె కొడుకు. ప్రతివాదులు వాడి తల్లిదండ్రులు. వివాదానికి మూలం మిలమిల మెరిసే కాగితం మీద అచ్చైన ఒక కరపత్రం. హైదరాబాదులో కంప్యూటరు యానిమేషను మాత్రమే నేర్పే ఒక ప్రత్యేక విద్యాలయం వారిది. మూడేళ్ల చదువు, ఆరు లక్షల పైచిలుకు ఫీజు, వసతి భోజనాలు అదనం.

మా అల్లుడుగారి వాదం సూటిగా ఉన్నది. "ఇంజనీరింగు చదివితే ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుంది. బొమ్మలు ఆదివారాలు వేసుకోవచ్చు." మా అమ్మాయి మాట ఇంకొక తీరు. "నాయనా, వద్దంటే వాడు అన్నం మానేస్తాడు. సరేనంటే రేపు వాడి బతుకేమవుతుందో తెలియదు. మీరే చెప్పండి." మనుమడు ఎక్కువ మాట్లాడలేదు. "తాతా, నాకిది తప్ప వేరేది చేతకాదు" అన్నాడు. పదిహేడేళ్లవాడు ఆ మాట అంటే నవ్వు రావాలి. నాకు రాలేదు. అందుకొక కారణం ఉన్నది. దానిని ముందుగా చెప్పుకోకపోతే తరువాత నేను వెలిబుచ్చబోయే అభిప్రాయానికి విలువ ఉండదు.

2006 నాటి మాట. అప్పుడు నేను ధర్మవరం ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. నా పూర్వవిద్యార్థి ఒకడు, పట్టుచీరలు నేసే ఇంట పుట్టినవాడు, బొమ్మలు అద్భుతంగా వేసేవాడు. పద్యం అప్పజెప్పమంటే తడబడేవాడు గాని, ఆ పద్యంలోని గజేంద్రుణ్ణి నోటుపుస్తకం చివరి పుటలో నిలబెట్టేవాడు. ఒకనాటి సాయంత్రం వాడి తండ్రి మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, మావాడు హైదరాబాదులో కంప్యూటరు బొమ్మల చదువు చదువుతానంటున్నాడు. పంపమంటారా?" అని అడిగాడు. ఆ చదువేమిటో, చెప్పేవారెవరో, చదివినవారు ఏమయ్యారో నేను కనుక్కోలేదు. "పంపవయ్యా, రాబోయే కాలమంతా కంప్యూటర్లదే" అన్నాను. ఆయన తనకున్న రెండు మగ్గాలలో ఒకటి అమ్మి కొడుకును పంపాడు.

ఆ పిల్లవాడు ఏడాదిన్నరలో నాలుగైదు సాఫ్టువేర్లు నేర్చుకున్నాడు. ఉద్యోగమూ దొరికింది. రాత్రిపూట పని. విదేశీ చిత్రాలలోని నటుల ఆకారం చుట్టూ, ఫ్రేము తరువాత ఫ్రేముగా, గీత గీసి వెనుకనున్న దృశ్యం నుంచి వారిని వేరుచేయడం. ఈ పనిని రోటో అంటారు. మూడేళ్లు ఆ గీతలే గీశాడు. తరువాత ఆ సంస్థ మూతపడింది. తిరిగి వచ్చి ఇప్పుడు ధర్మవరంలోనే చీరల అంచులకూ కొంగులకూ కంప్యూటరు మీద డిజైన్లు వేసి ఇస్తున్నాడు. బజారులో ఒకసారి ఎదురుపడినప్పుడు ఆ సంగతి నేనే ఎత్తాను. "మీరేం చేస్తారు సార్, మీకూ తెలియదు, మాకూ తెలియదు" అన్నాడు. కాసేపాగి, "అక్కడ బొమ్మ వెయ్యడం ఎవరూ నేర్పలేదు సార్. మీటలు ఎక్కడున్నాయో నేర్పినారు" అన్నాడు.

మొదటి మాట వాడి మంచితనం. రెండవ మాట నాలో ఉండిపోయింది. మళ్లీ ఎవరైనా ఇటువంటి సలహా అడిగితే తెలుసుకొని చెప్పాలని ఆనాడే అనుకున్నాను. అడిగేవాడు నా మనుమడే అవుతాడని మాత్రం అనుకోలేదు. సభను మూడు వారాలు వాయిదా వేసి, తెలిసినవారిని అడిగి, దొరికినవి చదివి, ఒకసారి హైదరాబాదు కూడా వెళ్లి వచ్చాను. నాకు తేలిన అభిప్రాయం ఇది.

ముందు ఆ విద్య ఏమిటో చూద్దాం. యానిమేషను అన్న మాటకు లాటినులో ప్రాణం పోయడమని అర్థం. మన పరిభాషలో ప్రాణప్రతిష్ఠ అనవచ్చు. చలనచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర చిత్రానికి లెక్క వేస్తే 1,29,600. చేతితో గీసే రోజులలో ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపి సెకనుకు పన్నెండు బొమ్మలతో సరిపెట్టుకొనేవారు. కంప్యూటరు వచ్చాక పని తగ్గిందనుకుంటాం. తగ్గలేదు, పంపకమైంది. ఒకరు మట్టిముద్దను మలచినట్లు ఆకారాన్ని రూపొందిస్తారు. ఒకరు దానికి చర్మాన్నీ రంగునూ అద్దుతారు. ఒకరు లోపల ఎముకలూ కీళ్లూ అమర్చుతారు. దీనిని రిగ్గింగు అంటారు. ఒకరు కదిలిస్తారు. ఒకరు వెలుగునీడలు కూరుస్తారు. చివరగా ఒకరు అన్నిటినీ ఒక్క దృశ్యంగా అతుకుతారు.

ఇది తెలుసుకుంటున్నప్పుడు నాకు నిమ్మలకుంట గుర్తుకు వచ్చింది. ధర్మవరానికి దగ్గరి ఊరే. అనంతపురం జిల్లాలో ఉండేది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. బడిపిల్లలను వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు, మేకతోలు మీద బొమ్మ గీసి, చిల్లులు పొడిచి, రంగులద్ది, భుజం దగ్గరా మోచేయి దగ్గరా దారంతో కీళ్లు కట్టడం చూశాం. ఏ బొమ్మ నాట్యమాడాలో దానికి కీళ్లెక్కువ. ఏ బొమ్మ గంభీరంగా నిలవాలో దానికి తక్కువ. పాత్ర ఏం చేయబోతున్నదో ఎరిగినవాడే కీలు ఎక్కడ కట్టాలో చెప్పగలడు. రిగ్గింగు చేసేవాని ఆలోచనా అదే. దారం కట్టడం ఒక్కపూటలో నేర్పవచ్చు. ఎక్కడ కట్టాలన్నది నేర్పడానికి ఏళ్లు పడుతుంది. కరపత్రాలు మనకు అమ్మజూపేది ఆ దారాన్ని.

మన ఆలంకారికులు కావ్యం పుట్టడానికి మూడు హేతువులు చెప్పారు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. ప్రతిభ పుట్టుకతో వచ్చేది. వ్యుత్పత్తి లోకాన్నీ శాస్త్రాన్నీ చూచి గడించేది. అభ్యాసం చేయగా చేయగా పట్టుబడేది. మమ్మటుడు ఈ మూడవదాన్ని చెప్పేటప్పుడు ఊరికే అభ్యాసమనలేదు. కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసమని విశేషించి చెప్పాడు. ఒక యానిమేషను విద్యాలయంలో చేరాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు దొరకలేదు. ప్రతిభను ఏ విద్యాలయమూ ఇవ్వలేదు. వ్యుత్పత్తికి దారి చూపగలదు. అది తప్పక ఇవ్వవలసినది మూడవది, అంటే తెలిసినవాని పక్కన కూర్చొని చేసే అభ్యాసం. ఇక సాఫ్టువేరు ఈ మూడింటిలో ఏదీ కాదు. అది గంటం. గంటం పట్టుకోవడం నేర్పినందుకు ఆరు లక్షలు తీసుకుంటే అది విద్య కాదు, వ్యాపారం.

గంటం సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1993లో వచ్చిన జురాసిక్ పార్కులోని రాకాసి బల్లులను కదిలించడానికి వాడిన సాఫ్టువేరు సాఫ్టిమేజి. ఒక కాలంలో అది తెలిసినవానికి గొప్ప గిరాకీ. దానిని ఆపివేస్తున్నట్లు 2014లో యజమానులే ప్రకటించారు. నా పూర్వవిద్యార్థి ముఖ్యంగా నేర్చుకున్నది ఫ్లాషు. ఫ్లాషు ప్లేయరుకు 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. మరొక వైపు బ్లెండరు అనే సాఫ్టువేరును ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. దానితోనే లాత్వియా దేశంవారు తీసిన ఫ్లో అనే చిత్రానికి 2025లో ఉత్తమ యానిమేషను చిత్రంగా ఆస్కారు వచ్చింది. ఒక పిల్లి, మరికొన్ని జంతువులు. ఒక్క మాట లేదు. కాబట్టి పనిముట్టు కోసం ఎవరూ బడికి వెళ్లనక్కరలేదు. అది ఇంట్లోనే ఉన్నది, పైగా నేడున్నది రేపుండదు.

మరి బడి ఎందుకు? ఇక్కడ మన కుర్రవాళ్లు కొందరు తొందరపడతారు. "అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా, బడి దండగ" అంటారు. వారితో నేను ఏకీభవించను. ఇందుకు రెండు ఉదాహరణలు చెబుతాను.

1995లో వచ్చిన టాయ్ స్టోరీ పూర్తిగా కంప్యూటరు మీద రూపొందిన మొదటి పూర్తినిడివి చిత్రం. దాని దర్శకుడు జాన్ లాసెటర్ కంప్యూటరు చదువు చదివినవాడు కాడు. కాలిఫోర్నియాలో డిస్నీ చొరవతో వెలసిన కళావిద్యాలయంలో 1975లో పాత్రల యానిమేషను శాఖ మొదలైనప్పుడు చేరిన తొలి విద్యార్థులలో ఒకడు. డిస్నీ స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దలు అక్కడ గురువులు. వారు నేర్పింది పెన్సిలుతో. ఆయన 1986లో రెండు బల్లదీపాలు పాత్రలుగా లక్సో జూనియర్ అనే రెండు నిమిషాల చిత్రం చేశాడు. ఒకటి పెద్ద దీపం, ఒకటి చిన్న దీపం, ఆడుకోవడానికి ఒక బంతి. దీపాలకు ముఖాలు లేవు. ప్రదర్శన ముగిశాక జిమ్ బ్లిన్ అనే పేరుమోసిన గ్రాఫిక్స్ శాస్త్రవేత్త ఆయన దగ్గరకు వచ్చాడట. నీడలను లెక్కించే పద్ధతి గురించి అడుగుతాడు కాబోలుననుకుంటే, "ఆ పెద్ద దీపం తల్లా, తండ్రా?" అని అడిగాడట. ముఖం లేని వస్తువుకు అమ్మతనమో నాన్నతనమో అబ్బించడం ఏ మీట నొక్కితే వస్తుంది? అది పెన్సిలు గురువుల చలవ.

రెండవది మన దేశపు సంగతి. 1956లో డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజనుకు వచ్చి మనవారికి ఈ విద్య నేర్పాడు. ఆ శిక్షణలో భాగంగా జాతక కథ ఆధారంగా ది బాన్యన్ డీర్ అనే చిన్న చిత్రం 1957లో తయారైంది. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో రామ్ మోహన్ ఒకరు. తరువాత ఆయన ఎందరికో గురువయ్యారు. జపానువారితో కలిసి తీసిన రామాయణ యానిమేషను చిత్రానికి దర్శకులలో ఒకరు. ఆ చిత్రమే 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. ఒక మనిషి వచ్చి పక్కన కూర్చొని నేర్పితే, ఒక దేశంలో ఒక విద్య నాటుకొన్నది. చూచి నేర్చుకోవచ్చు గాని, మన తప్పును మనం చూడలేం. వేలుపెట్టి చూపే మనిషి ఒకరు ఉండాలి. నలభై నోటుపుస్తకాలు ముందు వేసుకొని ఎర్రసిరాతో దిద్దిన నాకు ఇది పుస్తకాలలో చదివి తెలియవలసిన సంగతి కాదు.

వ్యుత్పత్తి గురించి విష్ణుధర్మోత్తర పురాణంలో ఒక సంవాదం ఉన్నది. వజ్రుడనే రాజు ప్రతిమలు చేసే విద్య చెప్పమని మార్కండేయ మహర్షిని అడుగుతాడు. చిత్రలేఖనం తెలియనిదే ప్రతిమ తెలియదంటాడు మహర్షి. సరే, అదే చెప్పమంటే నృత్తం తెలియనిదే చిత్రం తెలియదంటాడు. నృత్తానికి వాద్యం కావాలి, వాద్యానికి గానం కావాలి. ఇలా వెనక్కి వెనక్కి నడిపించి చివరికి భాష దగ్గర, ఛందస్సు దగ్గర నిలబెడతాడు. ఈనాటి కౌన్సెలరు ఎవరైనా విద్యార్థిని ఇలా వెనక్కి నడిపిస్తాడా? వెంటనే చేరితే పది శాతం తగ్గింపు అంటాడు. కదిలే బొమ్మను చేయదలచినవాడు నడకను చూడాలి, నటనను చూడాలి, తాళం తెలియాలి, కథ తెలియాలి. డిస్నీ పెద్దలు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన గ్రంథంలో ఈ విద్యకు పన్నెండు సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి, ఏ కదలికకైనా ముందు దానికి సన్నాహంగా ఒక చిన్న కదలిక ఉంటుందని. ఎగరబోయేవాడు ముందు కుంగుతాడు. కొట్టబోయేవాడు ముందు చేయి వెనక్కి తీస్తాడు. మన రంగస్థల నటులు ఎరిగినదే. దానికి కంప్యూటరుతో పని లేదు, కళ్లతోనే పని.

ఇక కూటి మాట. మా అల్లుడుగారి ప్రశ్నను తోసిపుచ్చడానికి వీలులేదు. పిల్లవాడు బతకాలి. ఈ రంగంలో మనవారు చేసింది తక్కువ కాదు. 2008లో మొదలై దేశమంతటి పిల్లలకూ చుట్టమైన ఛోటా భీమ్ హైదరాబాదు సంస్థ సృష్టి. 2012లో ఈగ చిత్రంలో ఒక ఈగ చేత కథానాయకత్వం చేయించి జాతీయ పురస్కారం గెలుచుకున్నదీ హైదరాబాదువారే. 2025లో మహావతార్ నరసింహ అనే యానిమేషను చిత్రాన్ని పెద్దలూ పిల్లలూ కిక్కిరిసి చూశారు. పోతనగారి ప్రహ్లాదచరిత్ర పాఠం చెబుతూ జీవితం గడిపిన నాకు అది ఎంత సంతోషమో వేరే చెప్పాలా?

అయితే నాణేనికి రెండవ వైపూ చూడాలి. లైఫ్ ఆఫ్ పై చిత్రంలోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో అది దివాలా అర్జీ పెట్టింది. కొద్ది రోజులకే ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు మన దేశంలో వేలమంది ఒక్కసారిగా ఉద్యోగాలు కోల్పోయారు. వారిలో చాలామంది బెంగుళూరువారు. పని చేతకాక కాదు, వ్యాపారం నిలవక. దీనికి తోడు, నా పూర్వవిద్యార్థి మూడేళ్లు రాత్రిళ్లు మేలుకొని గీసిన ఆ గీతలను ఇప్పుడు కృత్రిమ మేధ చాలావరకు తానే గీస్తున్నది. మీటలు మాత్రమే తెలిసినవాని కింద నేల ముందుగా కదులుతుంది. ఏది సజీవంగా ఉన్నదో, ఏది లేదో చూడగలిగినవాని అవసరం అంత తొందరగా పోదని నా నమ్మకం. నమ్మకమే, హామీ కాదు. అందుచేత భద్రత కోరి ఈ చదువులో చేరవద్దు. ఇంజనీరింగులో భద్రత ఉన్నదా అంటే, మా వీధిలోనే పట్టాలు చేతబట్టుకొని ఎదురుచూస్తున్నవారు నలుగురున్నారు. ఆ మాట అల్లుడుగారికీ మర్యాదగానే విన్నవించాను.

ప్రత్యేక విద్యాలయమంటే నాకు స్వానుభవం లేకపోలేదు. నా తోటివారు సైన్సు, కామర్సు చదువుతున్న కాలంలో నేను ఓరియంటలు కళాశాలలో భాషాప్రవీణ చదివాను. తరువాత పండిత శిక్షణ. ఆ చదువుకు బయటకు ఒకటే వాకిలి: బడిపంతులు ఉద్యోగం. అది దొరకకపోతే పట్టా చిత్తుకాగితమే. నాతో చదివినవారిలో కొందరికి ఆ వాకిలి తెరుచుకోలేదు. వారిలో ఒకాయన కిరాణా కొట్టు పెట్టుకొని, పద్దుపుస్తకం వెనుక సీసపద్యాలు రాసుకొనేవాడు. అయినా ఆ చదువు నాకిచ్చింది వేరే చదువు ఇచ్చేది కాదు. ఒక గురువుగారు ఒకే పద్యం మీద మూడు రోజులు నిలిచి పాఠం చెప్పారు. ఆ మూడు రోజులతో నలభై ఏళ్లు బతికాను. కాబట్టి వాకిలి ఇరుకని తెలిసే లోపలికి వెళ్లాలి. లోపల గురువున్నాడని తెలిసిన తరువాతనే వెళ్లాలి. ఈ రెండూ నా మనుమడికి చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. అనంతపురంలో రాత్రి రైలెక్కి ఇద్దరమూ హైదరాబాదు వెళ్లాం. కరపత్రం వారి ఆఫీసులో చల్లని గది, పెద్ద తెర, మర్యాదైన మాట. "బొమ్మ గీయడం ఏ మాస్టారు చెబుతారండీ?" అని అడిగాను. "ఇప్పుడు డ్రాయింగు అవసరం లేదు సార్, అంతా సాఫ్టువేరే చూసుకుంటుంది" అన్నారు. మూడేళ్ల కిందట చదివి వెళ్లినవారిలో ఇద్దరి ఫోను నంబర్లు ఇప్పించమన్నాను. అది సంస్థ నియమాలకు విరుద్ధమట. బయట టీ కొట్టు దగ్గర రెండవ సంవత్సరం కుర్రవాడు కలిశాడు. పాఠం చెప్పేది నిరుడు అక్కడే చదువు ముగించినవారని చెప్పాడు. ఆ తరువాత ఇంకొక కళాశాల చూశాం. గోడలకు సున్నం రాలుతున్నది. కంప్యూటర్లు పాతవి. అయితే ఒక నడివయసు ఉపాధ్యాయుడు ఒక పిల్ల వేసిన గుర్రం నడకను ముందుకూ వెనక్కూ తిప్పి చూపిస్తూ, బరువు ఏ కాలి మీద ఉన్నదో చెప్పమని అడుగుతున్నాడు. ఆ పిల్ల ఆలోచిస్తున్నది. మా మనుమడు ఆ వాకిట్లోంచి కదలడానికి ఒప్పుకోలేదు.

ఇటువంటి నిర్ణయం ముందున్న తల్లిదండ్రులకు నా మనవి ఇది. చెప్పేవారు తాము ఏ చిత్రాలకు ఏ పని చేశారో అడగండి. పూర్వవిద్యార్థులతో విడిగా మాట్లాడండి. గోడల మీది బొమ్మలు కాక, మొన్న చేరినవారి బొమ్మలు చూపమనండి. మొదటి ఆరునెలల పాఠ్యప్రణాళికలో పెన్సిలు ఉన్నదో లేదో చూడండి. ఇచ్చేది విశ్వవిద్యాలయపు పట్టానా, ఆ సంస్థ తన పేరుతో ఇచ్చుకొనే పత్రమా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. పట్టా ఉంటే రేపు మనసు మారినా పై చదువుకు దారి ఉంటుంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషనులో బి.ఎఫ్.ఏ. ఉన్నది, ప్రవేశపరీక్ష రాయాలి. స్థానికేతరులకు సీట్ల నిబంధనలేమిటో ఆంధ్రప్రదేశ్ పిల్లలు ముందే కనుక్కోవాలి. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలోనూ ఈ విద్య ఉన్నది. దానికి పోటీ ఎక్కువ. ఇవి దొరకకపోతే ప్రైవేటు సంస్థలున్నాయి. వాటిలో మంచివి లేవని నేననను. వెదికి చూచి చేర్చండి అంటాను. వెదకకుండా పంపమన్న పాపం నేను ఒకసారి చేశాను.

సభ మళ్లీ కూడింది. నా తీర్పు ఇలా చెప్పాను. కరపత్రం వారికి ఒక్క రూపాయి ఇవ్వను. ప్రత్యేక విద్యాలయానికి పంపడానికి మాత్రం నాకు సమ్మతమే. దానికి ముందు ఆరు నెలల గడువు. ప్రతిరోజూ రెండు గంటలు పెన్సిలు పట్టాలి. బస్టాండులోనో సంతలోనో కూర్చొని మనుషులను గీయాలి. బ్లెండరులో ఎగిరే బంతి, తరువాత సగం నిండిన పిండిసంచి. కాళ్లూ చేతులూ లేని సంచి చేత దుఃఖమూ సంతోషమూ పలికించడం ఈ విద్యలో పాతకాలపు పరీక్షట. ఆరు నెలలూ మానకుండా చేస్తే డిపాజిట్టు తీసి ఇస్తాను, ప్రవేశపరీక్షలు రాయాలి. మధ్యలో విసుగు పుడితే సిగ్గుపడనక్కరలేదు, వేరే చదువు చూసుకోవచ్చు.

"ఒక సంవత్సరం పోతుంది కదా నాయనా" అన్నది మా అమ్మాయి కన్నీళ్లతో. పోతుంది. కాదనను. కాని తగని చోట మూడేళ్లూ ఆరు లక్షలూ పోవడం కంటె, తనకేం కావాలో తెలుసుకోవడానికి ఒక ఏడాది పోవడం మేలని నా లెక్క. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అల్లుడుగారు నాతో మాట్లాడుతున్నారు గాని, ముక్తసరిగా.

ఇప్పటికి మూడు నెలలయింది. పిల్లవాడు ఏడు రోజులు ఎగ్గొట్టాడు, ఆ సంగతి తానే చెప్పాడు. మొన్న రాత్రి భోజనాలయ్యాక పది సెకన్ల బొమ్మ ఒకటి మా ఇద్దరికీ చూపించాడు. పీట మీద కూర్చున్న ఒక ముసలి ఆకారం. ముఖం లేదు, చీర రంగు లేదు, ఒట్టి బూడిదరంగు బొమ్మ. కుడిచేయి మోకాలి మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, లేచి నిలబడుతుంది. మా ఇంటావిడ కళ్లజోడు సర్దుకొని చూచి, "ఇది నేనే కదరా" అన్నది. "ఎట్లా తెలిసింది అవ్వా, ముఖమే వెయ్యలేదే?" అన్నాడు వాడు. "లేచేముందు ఆగింది కదా. నాకు నొప్పి అక్కడే కదా" అన్నది.

వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఇంకా మూడు నెలలున్నాయి.

మీలో ఎవరి పిల్లలైనా ఈ విద్యలో ఉంటే, వారికి దొరికిన గురువుల సంగతి తెలియజేయగలరు. నాకే కాదు, కరపత్రం చేతబట్టుకొని కూర్చున్న మరొక ఇంటికీ ఉపకరిస్తుంది.

స్వస్తి.